శనివారం పొద్దున గుడుగుడు బస్సు

నవంబర్ 1, శనివారం

వంతెన దాకా వచ్చింది! ఇన్నేళ్ళలో గుడుగుడు బస్సు వంతెన దాకా రావడం ఇదే మొదలు. డ్రైవరు ఎలుగు మామ రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డాడు, కండక్టరు ఉడుత చిటికె టికెట్ల సంచీతో సహా కిటికీలోంచి వేలాడింది, సరిగ్గా అప్పుడే టీవీ తెర మీద "తరువాయి వచ్చే శనివారం" అని పడింది. పై మంచం మీద ఉన్న సంగతి మరిచిపోయి లేచి నిలబడబోయాను. కప్పుకు తల ఠంగుమంది.

కింది మంచం మీది నర్సింలన్న దుప్పటి తీసి చూశాడు. రెండో షిఫ్టు మనిషి, పొద్దున అతని నిద్ర.

"ఏందిరా భూమేషూ, క్రేన్ పడ్డదా?"

"కాదన్నా, బస్సు వంతెన ఎక్కుతున్నది!"

"నలభైకి దగ్గర పడ్డవు. ఉడుత టికెట్లు కొడ్తే నువ్వు దుంకుతవు" అని మళ్ళీ ముసుగు పెట్టాడు. మెదక్ మనిషి, మంచివాడే, కాని కార్టూన్ అంటే చిన్నచూపు.

కంపెనీ ఇచ్చిన ఈ డైరీ ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. ఇందులో బస్సు సంగతులు రాసుకోవాలని ఈ రోజు అనిపించింది. సాయంత్రం సృజనతో మాట్లాడేటప్పుడు ఒక్క ముక్క కూడా మరిచిపోకూడదు. మిగతా రోజుల్లో నా బిడ్డకు ఫోన్ ఇస్తే "బాగున్న బాపూ, తిన్న బాపూ" అని ఫోన్ తల్లి చేతిలో పెట్టేస్తుంది. శనివారం మాత్రం ఫోన్ వదలదు. ఆ ఒక్క పూట నేను తండ్రిని.

అందుకే ఈ సౌదీ ఊరు యాన్బు మొత్తం శుక్రవారం సెలవు తీసుకుంటే నేను శుక్రవారం డ్యూటీ చేసి శనివారం తీసుకుంటాను. మొదట అడిగినప్పుడు మా పెషావర్ ఫోర్‌మన్ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. "జుమ్మా ఛోడ్ కే సబ్త్? బుఖార్ హై క్యా?" అన్నాడు, శుక్రవారం వదిలి శనివారమా, జ్వరమా అని. శుక్రవారం పనికి మనిషి దొరకడమే మహాభాగ్యం కాబట్టి ఆ తర్వాత మాట్లాడలేదు. మా జగిత్యాలలో తొమ్మిదిన్నర అయితే ఇక్కడ ఏడు. అక్కడ బిడ్డ, ఇక్కడ నేను, ఒకే బస్సును చూస్తాం. కార్టూన్ నడిచేటప్పుడు ఫోన్ చేయకూడదని సృజన పెట్టిన రూలు.

సాయంత్రం వీడియో కాల్‌లో బిడ్డ ఇంకా స్కూలు డ్రెస్సులోనే ఉంది, జడలు కూడా విప్పలేదు.

"చూసినవా బిడ్డా?"

"చూసిన బాపూ. గా కోడి పదకొండు పిల్లల్ని ఏసుకోని ఒక్కతే బస్సెక్కింది సూడు! దాని మొగుడు యాడికి వోయిండో. ఒక పిల్లనన్న పట్టుకోవద్దా?"

నవ్వలేక చచ్చాను. నేను అసలు ఆ కోడిని సరిగా చూడనే లేదు. పదమూడేళ్ళ పిల్లకు ఎంత పరిశీలన! అచ్చం నా పోలికే.

నవంబర్ 4, మంగళవారం

పైపులు, క్లాంపులు, పలకలు. పని సంగతి రాయడానికి ఏముంది.

నవంబర్ 8, శనివారం

వంతెన మీద పలకలు లేవు! సగం వంతెన ఎవరో ఎత్తుకుపోయారు. ఆ నక్క జిత్తుగాడే. నేను స్కాఫోల్డింగ్ మనిషిని, పైపులతో పరంజా కట్టేవాణ్ణి, ఆ వంతెన చూడగానే నాకు చెమటలు పట్టాయి. ఒక్క అడ్డకర్ర లేదు, పట్టుకోవడానికి రెయిలింగు లేదు, దాని మీద బస్సా!

ఈ రోజు జిలానీ కూడా చూశాడు. కడప మనిషి, మా క్యాంపు బస్సు డ్రైవరు. తెల్లవారుజామున జనాన్ని ప్లాంటులో దింపి ఏడింటికల్లా వస్తాడు. టీ తాగుతూ నిలబడ్డవాడు కూర్చున్నాడు.

"ఆ ఎలుగుబంటికి గేరు మార్చేది రాదబ్బా. సెకండ్‌లో ఎక్కాల్సిన చోట టాప్‌లో పోతాడు. వానికి లైసెన్సు ఎవురిచ్చినారు?"

అంతా బాగానే ఉంది. చివర్లో తెర కింద అక్షరాలు పరుగెత్తాయి. మొదట ఏదో నూనె ప్రకటన అనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు చదివాను. ప్రేక్షకులకు మనవి, గుడుగుడు బస్సు ఈ నెల ఇరవై తొమ్మిదో తేదీతో ముగుస్తుంది.

నెలాఖరుకే! మరి డిసెంబర్ నుంచి శనివారం నేను నా బిడ్డతో ఏం మాట్లాడాలి?

సాయంత్రం చెప్పాను. "అవునా బాపూ" అంది, అంతే. పాపం, ఎంత బాధ మింగుకుందో. పైకి కనబడనివ్వదు.

నవంబర్ 9, ఆదివారం

పొద్దుటి నుంచి అదే ధ్యాస.

మా చిన్నప్పుడు ఊరంతటికీ పంచాయతీ ఆఫీసులో ఒకటే టీవీ. కార్టూన్ పొద్దున ఒక్కసారి వచ్చేది. ఆ పూట వాడకట్టులో పిల్లల చప్పుడే ఉండేది కాదు. ఒక్కడు పైకెక్కి యాంటెన్నా పట్టుకునేవాడు. మాటలు హిందీలో ఉండేవి, ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు, అయినా ఒకేసారి నవ్వేవాళ్ళం. అయిపోయాక బయటికి వచ్చి చింతకొమ్మలు పట్టుకుని అదే ఆట మళ్ళీ ఆడేవాళ్ళం. వారమంతా ఆ ఒక్క అర్ధగంట మీద బతికేవాళ్ళం!

సృజనకు నాలుగేళ్ళప్పుడు సెలవు మీద పోయాను. బిడ్డ నన్ను చూసి ఏడ్చింది. తలుపు చాటు నుంచి రాలేదు. శనివారం పొద్దున టీవీలో ఈ బస్సు పాట మొదలైంది. మెల్లగా వచ్చింది, మంచం ఎక్కింది, నేను పడుకుని ఉంటే నా కడుపు మీద కూర్చుని చూసింది. ఎలుగు మామ హారన్ కొట్టినప్పుడల్లా నా ముక్కు నొక్కింది. నేను తిరిగి వచ్చేటప్పుడు తనే అంది, "బాపూ, నువ్వు ఆడ చూడు, నేను ఈడ చూస్త" అని. ఆ మాట ఇప్పటి దాకా తప్పలేదు, నేనూ తప్పలేదు, బిడ్డా తప్పలేదు.

ఈ బస్సు కాకపోతే ఫోన్‌లో వేరే కార్టూన్లు ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు కదా అంటున్నారు అందరూ. ఎప్పుడంటే అప్పుడు దొరికేదాని కోసం ఎవరు ఎదురుచూస్తారు? నల్లా నీళ్ళు రోజంతా వస్తే బిందెలు ఎవరు పెడతారు?

నవంబర్ 12, బుధవారం

చానల్ ఆఫీసుకు ఫోన్ చేశాను! హైదరాబాద్ నంబరు. ఒక అమ్మాయి ఎత్తింది.

"గుడుగుడు బస్సు ఆపొద్దమ్మా. పిల్లలు బాధపడతరు."

"సార్, పిల్లలెవరూ టీవీ చూడట్లేదండి ఇప్పుడు. అందరూ ఫోన్లలోనే చూస్తున్నారు. శనివారం పొద్దున కార్టూన్ వేసేది మేమొక్కళ్ళమే మిగిలామండి."

"మరి ఆ టైముల ఏం ఏస్తరు?"

"ఓపెన్ ప్లాట్ల ప్రోగ్రామ్ సార్. మీ బాబు వయసెంతండి?"

"నాకు బిడ్డ. పదమూడు."

"పదమూడేళ్ళ పాప ఇంకా కార్టూన్ చూస్తుందా సార్?" అంది.

ఎందుకు చూడదు? ఈ హైదరాబాద్ పిల్లలకు ఏం తెలుసు. పెట్టేశాను.

నవంబర్ 15, శనివారం

ప్రయాణికులందరినీ దింపి, తలుపులు పీకి, సీట్లు పీకి, ఆ సీట్లనే వంతెన మీద పలకలుగా పరిచారు! నాకు ఒళ్ళు పులకరించింది. ఇది నా పని! ముందు పలక మీద నిలబడి తర్వాతి పలక వేసుకుంటూ పోవడం, అక్షరాలా మేం రోజూ చేసేదే. ఈసారి నర్సింలన్న కూడా ముసుగులోంచి ఒక కన్ను బయట పెట్టాడు. నేను చూడనట్టు నటించాను.

"అటు పక్క సీటు సరింగ పరవలేదు, జారుతది" అన్నాడు. నిజంగానే జారింది! ఇక ముసుగు పూర్తిగా తీసేశాడు.

చివరి రోజున గదిలో పండగ చేయాలని ముగ్గురం అనుకున్నాం. నర్సింలన్న సేమియా వండుతానన్నాడు. జిలానీ పక్క గదివాళ్ళను కూడా పిలుస్తానన్నాడు.

సాయంత్రం సృజన, స్కూలు డ్రెస్సులో. "ఎలుగు మామ పొద్దటి నుంచి ఏం తినలే బాపూ. సీట్లు మోసుడు, పరుసుడు, గిదే ఆయె. ఒక్కరన్న 'తిన్నవా' అని అడుగుతుండ్రా ఆయినను?"

ఎంత దయగల పిల్ల! కాల్ పెట్టేసి చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను.

నవంబర్ 16, ఆదివారం

నా భార్య స్వర్ణతో మాట్లాడాను. గ్యాస్ వచ్చిందట. తలనొప్పి తగ్గిందట. నల్లా పైపు పగిలిందట. విశేషాలు ఏమీ లేవు.

నవంబర్ 19, బుధవారం

పిడుగు పడింది. రేపటి నుంచి ప్లాంటు షట్‌డౌన్, అంటే యంత్రాలు ఆపి రాత్రింబవళ్ళు మరమ్మతులు. అది అయ్యేదాకా ఎవరికీ సెలవు లేదు, శుక్రవారం లేదు, శనివారం అంతకంటే లేదు.

ఫోర్‌మన్ కాళ్ళ మీద పడటం ఒక్కటే తక్కువ. ఎందుకు కావాలని అడిగాడు. బిడ్డ కోసం అన్నాను. బిడ్డకు ఏమైందని కంగారుపడ్డాడు. కార్టూన్ అన్నాను. నోరు తెరిచి అలాగే చూశాడు. చివరికి నేనే ఉపాయం చెప్పాను, నన్ను రాత్రి డ్యూటీకి వెయ్యండి, ఎవరూ అడగనిది నేను అడుగుతున్నాను అని. పొద్దున ఆరింటికి దిగుతాను, ఏడింటికి బస్సు! నిద్ర సంగతి తర్వాత.

"పాగల్" అన్నాడు. రాత్రి డ్యూటీ ఇచ్చాడు!

నవంబర్ 22, శనివారం

కళ్ళు మండుతున్నాయి, అయినా చూశాను. జిత్తుగాడు వంతెన తాళ్ళు కొరుకుతున్నాడు. బస్సు సరిగ్గా మధ్యలో ఉంది. ఇంకొక్క వారం! జిలానీ టీ గ్లాసు చేతిలో చల్లారిపోయింది.

సాయంత్రం సృజనకు ఏమైందో, తడబడింది. జిత్తుగాడి సంగతి అడిగితే "ఆఁ, చూసిన బాపూ, మంచిగుండె" అంది. ఏం చూసినవు అంటే, "ఇయ్యాల అమ్మ కోరుట్ల వోయింది, తొట్టెల ఫంక్షన్‌కు, గందుకే" అని ఆగిపోయింది. తల్లి ఫంక్షన్‌కు పోతే కార్టూన్‌కేమి?

పరీక్షలు దగ్గరికొచ్చాయి. అందుకే మరిచిపోయి ఉంటుంది.

నవంబర్ 23, ఆదివారం

స్వర్ణ ఫోన్ చేసింది. గ్యాస్ మాట, మందుల మాట అయ్యాక, ఉన్నట్టుండి "నిన్న గా బస్సు ఏమైంది?" అంది.

"నీకెందుకే, అది నాకూ బిడ్డకూ ఉన్న ముచ్చట" అని నవ్వాను. నల్లా పైపు బాగు చేయించావా అని అడిగాను.

నవంబర్ 28, శుక్రవారం

వాన! యాన్బులో వాన! నిన్న సాయంత్రం మొదలైన గాలి సముద్రం మీది నుంచి ఇసుకా నీళ్ళూ కలిపి కొట్టింది. క్యాంపులో మనుషులు బయటికి వచ్చి తడుస్తూ ఫోటోలు దిగారు. నేను కూడా తడిశాను. లోపలికి వచ్చి టీవీ పెడితే తెర నల్లగా ఉంది. సిగ్నల్ లేదు.

జిలానీ మా పోర్టా క్యాబిన్ గది పైకెక్కాడు. గాలికి డిష్ పక్కకు తిరిగిందట, స్టాండు బోల్టు ఊడిందట.

"ఇప్పుడు వచ్చిందా?" పై నుంచి.

"రాలే!" కింద నుంచి.

"రోంత తిప్పినా, ఇప్పుడు చూడబ్బా!"

"వచ్చింది! పోయింది! వచ్చింది! అరబ్బీ వార్తలు వస్తున్నయి!"

నర్సింలన్న వాకిట్లో నిలబడి నా మాట పైకి అందిస్తున్నాడు, జిలానీ మాట లోపలికి అందిస్తున్నాడు. ముప్పై ఏళ్ళయింది నేను ఇలా అరిచి. డ్యూటీకి టైమయింది. రేపు పొద్దున మళ్ళీ ఎక్కుతానన్నాడు జిలానీ.

రేపే.

నవంబర్ 29, శనివారం

మొదటి నుంచి రాస్తాను.

ఆరుంబావుకు గదికి వచ్చాను. నర్సింలన్న సేమియా దింపాడు. పక్క గదివాళ్ళు నలుగురు వచ్చి కింద కూర్చున్నారు. జిలానీ పైన ఉన్నాడు. సన్నగా తుంపర. తెర మీద ఒకసారి చుక్కలు, ఒకసారి ఏదో దేశం గుర్రప్పందేలు, మళ్ళీ నలుపు. ఆరు యాభై అయింది. ఏడయింది.

"వచ్చిందా?"

"రాలే జిలానీ, రాలే!"

ఏడూ అయిదు. పాట అయిపోయి ఉంటుంది. బస్సు కదిలి ఉంటుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇన్నేళ్ళూ ఒక్క శనివారం వదలనివాణ్ణి, చివరిది పోయింది! సాయంత్రం ఏం మొహం పెట్టుకుని బిడ్డతో మాట్లాడాలి? చూడలేదంటే ఇక మాట్లాడటానికి మిగిలేదేమిటి?

అప్పుడు రూలు తప్పాను. ఇంటికి వీడియో కాల్ చేశాను. బిడ్డ తిడితే తిట్టనీ, టీవీ ముందర ఫోన్ పట్టుకొమ్మని బతిమాలుకుందాం అనుకున్నాను.

ఫోన్ ఎత్తింది స్వర్ణ. నా వైపు చూడలేదు. ఒళ్ళో బీడీల చాట, ఒక చేతిలో తునికాకు, ఇంకో చేతిలో కత్తెర, కళ్ళు టీవీ మీద.

"ఆగు ఆగు, మాట్లాడకు, వంతెన నడుమల ఉన్నది!" అంది.

"సృజన ఏది?"

"బడికి వోయింది. శనారం బడి ఉండదా? ఏయ్, జిత్తుగా, ఆ తాడు ముట్టకు! వీని చేతులిరుగ! కొరుకుతున్నడు సూడు, కొరుకుతున్నడు!"

"స్వర్ణా, ఈడ డిష్ పోయింది. ఏం కనవడ్తలేదు" అన్నాను.

చాట పక్కన పెట్టేసింది. "అయ్యో! రాలేదా నీకు? ఫోన్ టీవీకి పెడ్తే మెరుస్తది, ఏం కనవడదు. ఆగు, నేను జెప్త."

స్పీకర్ పెట్టాను. పై నుంచి జిలానీ "వచ్చిందా?" అని అరిచాడు. "వచ్చింది, దిగు!" అన్నాడు నర్సింలన్న. తడిసిన బట్టలతోనే వచ్చి కూర్చున్నాడు. ఏడుగురం నా ఫోన్ చుట్టూ చేరాం.

స్వర్ణ చెప్పింది. నేను పెళ్ళి చేసుకుని పదిహేనేళ్ళయింది, ఈ మనిషి ఇలా మాట్లాడగలదని నాకు తెలియదు!

"ఎనక చక్రం జారింది. ఎలుగు మామ దిగిండు, భుజం పెట్టిండు. చిటికె స్టీరింగ్ మీద కూసున్నది, దాని కాళ్ళు అందుతలేవు! కోడి, పదకొండు పిల్లలు, అందరు కలిసి ఎనక నుంచి నూకుతుండ్రు. తాడు తెగింది!"

"తెగిందా!" అన్నాం అందరం.

"ఒకటి తెగింది, ఇంకోటి ఉన్నది. ఆగుండ్రి, ప్రకటన వచ్చింది."

"ఏం ప్రకటన చెల్లె?" అన్నాడు నర్సింలన్న ఉండబట్టలేక.

"సబ్బుది అన్నా."

సేమియా ఎవరూ ముట్టలేదు.

"అమ్మా, ఏ గేర్‌లో ఉండాది బండి?" అన్నాడు జిలానీ.

"గేరు నాకేం తెలుసన్నా, కని పొగ మస్తు వస్తున్నది."

"ఫస్ట్‌లో ఉండాది. ఇప్పుడు నేర్చుకున్యాడు!"

"మొదలైంది! పోతున్నది, పోతున్నది, ముందటి చక్రం ఒడ్డు ఎక్కింది, రెండో తాడు తెగవట్టె, అమ్మో, అమ్మో, దాటింది! దాటింది! దాటింది!"

గదిలో మేం కొట్టిన కేకకు పక్క క్యాబిన్‌లవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నర్సింలన్న నన్ను ఎత్తి తిప్పాడు. జిలానీ నా దిండు పట్టుకుని ఎగిరాడు. ఫోన్‌లో స్వర్ణ ఇంకా చెబుతూనే ఉంది.

"ఆఖరి స్టాప్ వచ్చింది. అందరు దిగుతుండ్రు. ఏయ్, వచ్చిండు! కోడి మొగుడు వచ్చిండు! ఈడ నిలవడ్డడు ఇన్ని దినాలు! నేను అననే అంటి, దీని మొగుడు యాడికి వోయిండో అని!"

ఈ నెల మొదట్లో సృజన నోట నేను విన్న మాట అది!

"ఒక్క పిల్లనన్న ఎత్తుకుంటడా అంటే, గోడెక్కి కూసుడే ఆయె. ఏం మొగోళ్ళో!" అని పకపకా నవ్వింది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

పాట వినిపించింది. ఆ పాట మళ్ళీ రాదు. "అయిపోయింది" అంది స్వర్ణ. నేను ఫోన్ తీసుకుని బయట చూరు కింద నిలబడ్డాను. ఇద్దరం ఫోన్ పెట్టలేదు.

"ఎప్పటి సంది చూస్తున్నవు?"

"అది ఆరో తరగతికి మోడల్ స్కూల్‌కు వోయిన కాడి నుంచి. శనారం పొద్దున బడికి వోతది గదా. నేను బీడీలు చేసుకుంట చూస్త, మాపటికి దానికి జెప్త. అది నీకు జెప్తది."

అంటే రెండేళ్ళకు పైగా నేను శనివారం శనివారం మాట్లాడింది స్వర్ణతో! ఎలుగు మామ తిన్నాడా అని అడిగింది స్వర్ణ!

"నాకు నువ్వే చెప్పకపోతివి?"

"నువ్వెప్పుడన్న అడిగినవా? గ్యాస్ అచ్చిందా, గోలీలు ఏసుకున్నవా, గంతే గదా నువ్వు నన్ను అడిగేది. గా ఒక్క శనారం ముచ్చట అడిగితి, నీకెందుకే అంటివి."

నాకు సిగ్గేసింది. దానికంటే ఎక్కువ సంతోషం వేసింది, దాచుకోను. సముద్రానికి అవతల ఒక మనిషి ప్రతి శనివారం నాతోపాటే ఆ బస్సెక్కింది, నాకు తెలియనే తెలియదు!

నవంబర్ 30, ఆదివారం

సృజన మాట్లాడింది.

"కోపమొచ్చిందా బాపూ?"

"లేదు బిడ్డా."

"ఐదో తరగతి దాంక శనారం బడి లేకుండె, నేనే చూసిన. బడి ఉంటే చూడనస్తలే. ఆదివారం పెట్టినా ఇప్పుడు నేను చూడ బాపూ, చిన్న పిల్లలది అది. కని నువ్వు గంత సంబురంగ ఫోన్ చేస్తవు, ఎట్ల చెప్పాలె?"

బిడ్డ పెద్దదైంది. నాలుగేళ్ళ పిల్ల నా కడుపు మీదే కూర్చుని ఉందనుకుంటూ ఉన్నాను.

"మరి ఇగ శనారం ఏం మాట్లాడుకుందం?" అన్నాను.

"ఏమో బాపూ" అంది.

డిసెంబర్ 2, మంగళవారం

షట్‌డౌన్ అయిపోయింది. పగటి డ్యూటీ. ఏం మాట్లాడాలో ఇంకా తోచలేదు. చదువు గురించి అడిగితే ఫోన్ తల్లికి ఇచ్చేస్తుంది.

డిసెంబర్ 4, గురువారం

ఇవాళ ఒక తమాషా. పెద్ద ట్యాంకు పక్కన మేం కట్టిన స్కాఫోల్డ్ అయిదో అంతస్తులో పిల్లి పిల్లలు పెట్టింది. ఎలా ఎక్కిందో దేవుడికి తెలియాలి. నిచ్చెన మీద నేను తల పెట్టగానే బుస్సుమంది. ఫోర్‌మన్‌ను పిలిచాను. గడ్డం గోక్కున్నాడు, జేబులోంచి ఎర్ర ట్యాగు తీశాడు. ప్రమాదం ఉన్న స్కాఫోల్డ్‌కు మాత్రమే తగిలించే ట్యాగు అది, తగిలిస్తే మేనేజరు కూడా ఎక్కకూడదు. తగిలించేశాడు! "జచ్చా హై" అన్నాడు, బాలింత అని.

ఆదివారం ఆ స్కాఫోల్డ్ విప్పాలి. మేనేజరు వస్తాడు. ఏం చెబుతాడో.

డిసెంబర్ 6, శనివారం

శనివారం సెలవు మళ్ళీ తీసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. ఏడింటికి అలవాటుగా టీవీ పెట్టాను. డిష్ అద్దంలా పనిచేస్తోంది. తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన ఎర్రమట్టిలో నడుస్తూ ప్లాట్లు చూపిస్తున్నాడు. నర్సింలన్న లేచి కూర్చుని అయిదు నిమిషాలు చూసి, "గీ ఇంటి జాగ కంటే గా నక్కనే నయముండె" అని పడుకున్నాడు.

ఫోన్ మోగింది. స్వర్ణ.

"ఏం చేస్తున్నవు?"

"ప్లాట్లు చూస్తున్న."

"నేనూ గదే చూస్తున్న" అంది. ఇద్దరం నవ్వాం. "బీడీలు చేసుకుంట కూసున్న, చేతులు ఆడుతలేవు. నువ్వే ఏదన్న చెప్పు."

"నా కాడ ఏమున్నది చెప్పడానికి? పైపులు, పలకలు."

"గవ్వే చెప్పు. ఇన్నేండ్లాయె, నువ్వు ఆడ ఏం చేస్తవో నాకు తెల్వనే తెల్వది."

పిల్లి సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే ఉత్సాహం వచ్చింది. ఎర్ర ట్యాగు దగ్గరికి వచ్చేసరికి స్వర్ణ కత్తెర ఆగిపోయింది. పిల్లలెన్ని, కళ్ళు తెరిచాయా, అంత ఎత్తున ఆ తల్లి ఏం తింటున్నది, పెషావర్ ఆయనకు పిల్లలున్నారా, ఒకదాని వెంట ఒకటి అడిగింది. నర్సింలన్న నిన్నటి నుంచి అన్నంలో చేప కలిపి డబ్బాలో పంపిస్తున్నాడని చెబితే, "అన్న చల్లగుండ" అంది. ప్లాట్ల ఆయన ఎప్పుడు పోయాడో ఇద్దరం చూడలేదు.

సాయంత్రం నేను ఫోన్ చేయబోతుంటే అటు నుంచే వచ్చింది. సృజన. స్కూలు డ్రెస్సు, భుజం మీద బ్యాగు కూడా దించలేదు, ఆయాసపడుతోంది.

"బాపూ! అమ్మ చెప్పింది! పిల్లి అయిదో అంతస్తు మీదికి ఎట్ల ఎక్కింది? పిల్లల్ని ఆడనే పెట్టిందా? ఎర్ర ట్యాగు తీసేస్తరా? మళ్ల ఏమైంది?"

నా చెవులను నేను నమ్మలేదు. ఇది తల్లి చెప్పమన్నది కాదు. నా సంతోషం కోసం అడిగింది కాదు. బిడ్డకు నిజంగా తెలుసుకోవాలని ఉంది!

"నాకూ తెల్వది బిడ్డా. రేపు మేనేజర్ వస్తడు. మాట్లాడి చూస్త. వచ్చే శనారం చెప్త."

"వచ్చే శనారమా?" అంది. కళ్ళు పెద్దవి చేసింది. "నేను గన్ని దినాలు ఆగ బాపూ. రేపు డ్యూటీ దిగంగనే ఫోన్ చెయ్యి!"

రేపు ఆదివారం! ఆదివారం నాడు నా బిడ్డ నన్ను ఫోన్ చెయ్యమంది!